గ్రీకు, రోమన్ పూజా దృశ్యాలను చదవడం ఎలా: బలిపీఠం నుంచి నల్లగొండ నాణెం దాకా

పాత గ్రీకు కుండ మీదో, రోమన్ రాతి పలక మీదో నలుగురు మనుషులు, ఒక జంతువు, ఒక దిమ్మె కనిపిస్తాయి. పక్కన చీటీలో "బలి దృశ్యం" అని రెండు ముక్కలు ఉంటాయి. చాలామంది అది చదివి ముందుకు వెళ్లిపోతారు. ఆసక్తి ఉన్నవాళ్లు ఇందులో ఏ దేవుడున్నాడు, ఇది ఏ పురాణ కథ అని వెతకడం మొదలుపెడతారు. నేను ఇక్కడ చెప్పే పద్ధతిలో దేవుడి కోసం వెతకడం చివర్లో వస్తుంది. ముందు చూడాల్సింది ఎవరి చేతిలో ఏముంది, వాళ్లు ఏ పని మధ్యలో ఉన్నారు అన్నది.

దీనికి కారణం ఆ మతాల స్వభావంలోనే ఉంది. ప్రాచీన గ్రీకులకు, రోమన్లకు అందరూ ఒప్పుకోవాల్సిన ఒకే పవిత్ర గ్రంథం లేదు. "నేను ఫలానాది నమ్ముతున్నాను" అని ప్రకటించాల్సిన అవసరమూ లేదు. చేయాల్సిన పనిని చేయాల్సిన తీరులో, చేయాల్సిన రోజున చేయడమే భక్తి. అందుకే వాళ్ల చిత్రకారులు, శిల్పులు ఆ పనిని అంత శ్రద్ధగా చూపించారు. వాళ్ల నమ్మకం మనకు దొరికేది ఎక్కువగా ఆ చేతుల్లోనే.

మొదలుపెట్టే ముందు ఒక మంచి బొమ్మ కావాలి, పెద్దది చేసి చూడగలిగేది. లండన్ బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ సేకరణల ఫోటోలను వెబ్‌సైట్లలో ఉచితంగా చూడనిస్తాయి. గ్రీకు కుండలకైతే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల బీజ్లీ ఆర్కైవ్ ఉంది. అందులో లక్షకు పైగా కుండల వివరాలున్నాయి. వెతికేటప్పుడు దేవుడి పేరుతో కాకుండా "శాక్రిఫైస్", "ఆల్టర్", "లిబేషన్" లాంటి మాటలతో వెతికితే పూజా దృశ్యాలు త్వరగా దొరుకుతాయి.

మొదటి మెట్టు: ఆ వస్తువు ఎక్కడ ఉండేది?

ఇప్పుడు అది గాజు పెట్టెలో, కంటి ఎత్తులో, మంచి వెలుతురులో ఉంది. తయారైనప్పుడు అలా లేదు. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి చుట్టూ సాగే ఊరేగింపు శిల్పం సుమారు 160 మీటర్ల పొడవు. క్రీ.పూ. 442 నుంచి 438 మధ్య చెక్కారని పండితుల అంచనా. ఎథీనా దేవత పండుగ ఊరేగింపు అందులో ఉందని ఎక్కువమంది అంటారు. ఆ శిల్పం గుడి గోడ పైభాగంలో, స్తంభాల వెనక, నేల నుంచి సుమారు 12 మీటర్ల ఎత్తున ఉండేది. కింద నిలబడిన మనిషికి సగం సగమే కనిపించేది. అంత పనితనం ఎవరి కోసం అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. చూసే మనిషి ఒక్కడే లెక్కలో ఉన్నాడనుకుంటే దానికి జవాబు దొరకదు. ఆ శిల్పం దేవతకు కానుక కూడా.

ఇంకో ఉదాహరణ తెల్లటి పూత మీద బొమ్మలు వేసిన సన్నటి ఏథెన్స్ నూనె కూజాలు, లెకిథోస్ అంటారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో వీటిని సమాధుల దగ్గర పెట్టేవారు. ఆ తెల్లపూత రోజువారీ వాడకానికి నిలవదు. కొన్ని కూజాల లోపల మెడ కింద ఇంకో చిన్న గిన్నె దాగి ఉంటుంది. అది నిండితే చాలు, కూజా అంతా నిండినట్టు కనిపిస్తుంది. నూనె ఖరీదైనది, చనిపోయినవాళ్లకు ఇవ్వడం మాత్రం తప్పనిసరి. ఆ కుటుంబం పడ్డ ఇబ్బందీ, వదులుకోలేని బాధ్యతా రెండూ ఆ చిన్న గిన్నెలో ఉన్నాయి. బొమ్మ మాత్రమే చూస్తే ఇది తెలియదు. అందుకే ప్రతి వస్తువు గురించీ అడగండి: ఇది గుడిదా, ఇంటిదా, సమాధిదా, విందుదా?

రెండో మెట్టు: బలిపీఠాన్ని పట్టుకోండి

గ్రీకు గుడి మధ్యలో దేవుడి విగ్రహం ఉంటుంది కానీ అసలు పూజ జరిగేది బయట, ఆరుబయట బలిపీఠం దగ్గర. గుడి కట్టకపోయినా పూజ జరుగుతుంది, బలిపీఠం లేకపోతే జరగడం కష్టం. కాబట్టి బొమ్మలో గుడి కోసం కాకుండా రాతి దిమ్మె కోసం వెతకండి. పక్కన నెత్తుటి మరకలు కనిపిస్తాయి. కుండల మీద వాటిని ఎర్రగా జారిన గీతలుగా వేస్తారు. అది మురికి కాదు, ఈ పీఠం వాడకంలో ఉంది అని చెప్పే గుర్తు.

పీఠం మీద మంటలో ఒక కొమ్ములా వంగినది కనిపిస్తే దాన్ని వదలకండి. అది ఎద్దు తోక. తుంటి ఎముకతో కలిపి తోకను నిప్పులో పెడితే వేడికి అది పైకి వంపు తిరుగుతుంది. దాన్ని మంచి శకునంగా చూసేవారు. ఈ కాలపు పరిశోధకులు నిజంగా కాల్చి చూశారు, తోక నిజంగానే అలా లేస్తుంది. కుండ మీద బొమ్మ గీసినవాడు కళ్లతో చూసిందే గీశాడు.

మూడో మెట్టు: పని ఏ ఘట్టంలో ఉంది?

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఉండండి. బొమ్మ ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. ఆ క్షణం ఎక్కడిదో తెలియాలంటే మొత్తం వరస తెలియాలి.

గ్రీకుల్లో ముందు ఊరేగింపు. ముందు నడిచే అమ్మాయి తల మీద బుట్ట ఉంటుంది. బుట్టలో బార్లీ గింజలు, వాటి కింద కత్తి. పీఠం చేరాక అందరూ చేతులు కడుక్కుంటారు, జంతువు మీద నీళ్లు చల్లుతారు. ప్రార్థన చేసి, బార్లీ గింజలు విసురుతారు. జంతువు నుదుటి వెంట్రుకలు కొన్ని కత్తిరించి నిప్పులో వేస్తారు. ఆ తర్వాత గొంతు కోస్తారు. పెద్ద ఎద్దయితే ముందు గొడ్డలి దెబ్బ. ఆ క్షణంలో ఆడవాళ్లు గట్టిగా కేక పెడతారు. నెత్తురు పీఠానికి చేరుతుంది. తొడ ఎముకలను కొవ్వులో చుట్టి దేవుడి పేర కాల్చి, పైన వైన్ పోస్తారు. గుండె, కార్జం లాంటివి చువ్వలకు గుచ్చి కాల్చి దగ్గరున్నవాళ్లు తింటారు. మిగిలిన మాంసం పంచుతారు. దేవుడికి ఎముకలూ కొవ్వూ, మనుషులకు మాంసం ఎందుకన్న ప్రశ్న గ్రీకులకే వచ్చింది. మనుషుల పక్షాన నిలిచిన ప్రొమీథియస్, దేవతల రాజు జ్యూస్‌ను మోసగించి వాటాలు అలా వేయించాడన్న కథ దానికి జవాబు.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి రండి. బుట్ట కనిపిస్తే ఇంకా ముందు భాగం. పెద్ద నీటి గిన్నె దగ్గర చేతులుంటే ప్రార్థనకు కాస్త ముందు. చువ్వలు పట్టుకున్న కుర్రాళ్లు ఉంటే చంపడం అయిపోయింది. గొంతు కోసే క్షణాన్ని గ్రీకు కుండలు చాలా అరుదుగా చూపిస్తాయి. ఊరేగింపు, కాల్చడం మాత్రం ఎన్నోసార్లు కనిపిస్తాయి. నీళ్లు చల్లినప్పుడు జంతువు తల ఊపడం దాని ఒప్పుకోలు అని పాత తరం పండితులు రాశారు. ఇప్పుడు చాలామంది దాన్ని ఒప్పుకోవడం లేదు. కుండల మీద తాళ్లతో లాగుతున్న జంతువులు కనిపిస్తాయి. పార్థినాన్ ఊరేగింపులో తల పైకెత్తి బెదిరిన పెయ్య ఒకటి ఉంది, బ్రిటిష్ మ్యూజియంలో చూడొచ్చు. దాన్ని చూశాక నాకు కూడా ఒప్పుకోలు మాట నమ్మాలనిపించలేదు.

రోమన్ వరస కాస్త వేరు. మొదట పూజారి చిన్న నిప్పుల పళ్లెంలో ధూపం, వైన్ వేస్తాడు. తర్వాత జంతువు తల మీద ఉప్పు కలిపిన పిండి చల్లుతారు. నగరం తరఫున జరిగే పూజలకు ఆ పిండిని పొయ్యి దేవత వెస్టా సేవలో ఉండే కన్యలు తయారుచేసేవారు. చంపే పని పూజారిది కాదు, నడుం దాకా బట్ట లేకుండా గొడ్డలి పట్టుకున్న సేవకులది. రోమన్ శిల్పులకు గొడ్డలి ఎత్తిన ఆ క్షణం అంటే ఇష్టం. తర్వాత లోపలి భాగాలను పరీక్షించి, దేవుడు స్వీకరించాడో లేదో చూస్తారు.

నాలుగో మెట్టు: తల మీద కొంగు ఉందా?

గ్రీకు, రోమన్ దృశ్యాలను వేరు చేయడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. రోమన్ పద్ధతిలో పూజ చేసేవాడు తన తోగా, అంటే ఒంటికి చుట్టుకునే పెద్ద వస్త్రం, అంచును తల మీదికి లాక్కుంటాడు. గ్రీకు పద్ధతిలో తల మీద బట్ట ఉండదు, ఆకుల దండ ఉంటుంది. రోమ్‌లోనే హెర్క్యులెస్‌కు, సాటర్న్‌కు గ్రీకు పద్ధతిలో తల కప్పకుండా పూజ చేసేవారు. కాబట్టి రోమన్ పలక మీద తల కప్పని పూజారి కనిపిస్తే తప్పు అనుకోకుండా, ఏ దేవుడి పూజో చూడండి.

పక్కన జంట వేణువులు ఊదే మనిషి దాదాపు ప్రతి రోమన్ బలి దృశ్యంలోనూ ఉంటాడు. అతను అలంకారం కోసం లేడు. ప్రార్థన వాక్యం ఒక్క అక్షరం తప్పకూడదు, మధ్యలో అపశకునపు శబ్దం వినపడకూడదు. ఒకరు చూసి చదువుతుంటే ఇంకొకరు దాన్ని అనేవారనీ, వేరే ఏదీ వినపడకుండా వేణువు ఊదేవారనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. బొమ్మలో అతను కనిపిస్తే ప్రార్థన జరుగుతోందని తెలుసుకోవచ్చు.

ఐదో మెట్టు: పాత్రలు

వెడల్పాటి, పిడి లేని పళ్లెం లాంటి పాత్ర చాలాసార్లు కనిపిస్తుంది. గ్రీకులు ఫియాలే అంటారు, రోమన్లు పతేరా. దాని అడుగున మధ్యలో లోపలికి పోయిన గుంట ఉంటుంది, వేలు అందులో పెట్టి పట్టుకుంటారు. దాంతో చేసే పని వైన్‌నో పాలనో నేల మీదో పీఠం మీదో ధారపోయడం. గ్రీకు కుండల మీద అపోలో లాంటి దేవుళ్లు కూడా ఈ పాత్ర పట్టుకుని ధార పోస్తుంటారు. దేవుడు ఎవరికి పోస్తున్నాడన్న దాని మీద పండితుల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది.

రోమన్ దృశ్యాల్లో ఇంకొన్ని వెతకండి: కుర్రాడి చేతిలో మూత ఉన్న చిన్న ధూపం పెట్టె, పొడుగు పిడి గరిటె, పైన చుట్టలా వంగిన కర్ర. ఆ వంగిన కర్ర ఆకాశంలో పక్షుల శకునాలు చూసే ఆగర్ అనే పూజారిది. ఈ చివరి రెండూ గుర్తుపెట్టుకోండి, మన దగ్గరే వాటితో పని పడుతుంది.

ఆరో మెట్టు: మనిషెవరు, దేవుడెవరు?

ఇప్పుడు దేవుణ్ణి వెతకొచ్చు. మొక్కు పలకల మీద మొదటి గుర్తు ఎత్తు. దేవుడు పెద్దగా, భక్తులు చిన్నగా ఉంటారు. రెండో గుర్తు భంగిమ. కుడి చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తే ఆ మనిషి ప్రార్థిస్తున్నాడు. మూడోది ఆ దేవుడి సొంత వస్తువులు: ఎథీనాకు శిరస్త్రాణం, గుడ్లగూబ, పొసైడన్‌కు త్రిశూలం, డయోనిసస్‌కు ఐవీ తీగ, రెండు పిడుల పాత్ర, డెమీటర్‌కు గోధుమ కంకులు, అస్క్లేపియస్‌కు పాము చుట్టుకున్న కర్ర.

ఈ మూడు గుర్తులూ కలిపి సాధన చేయడానికి ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్న ఆర్కినోస్ మొక్కు పలక కంటే మంచిది నాకు తెలియదు. క్రీ.పూ. 4వ శతాబ్దం మొదటి సగానిది. గ్రీసులోని ఒరోపోస్‌లో, జబ్బులు నయం చేసే దేవుడు ఆంఫియారోస్ గుడికి ఆర్కినోస్ అనే అతను ఇచ్చింది. ఆ గుడిలో జబ్బుతో వచ్చినవాళ్లు పొట్టేలును బలిచ్చి, దాని తోలు మీద నిద్రపోయి కలలో వైద్యం కోసం ఎదురుచూసేవారు.

పలక మీద ఎడమ పక్క పెద్దగా ఉన్న గడ్డం మనిషి ఒక చిన్న మనిషి భుజానికి వైద్యం చేస్తున్నాడు. వెనక మంచం మీద ఒకతను పడుకుని ఉంటే పాము అతని భుజాన్ని తాకుతోంది. కుడి చివర ఒకతను చెయ్యెత్తి ప్రార్థిస్తున్నాడు. ముగ్గురు రోగులు అనుకోవడం సహజం, కానీ ముగ్గురూ ఆర్కినోసే. బయటివాళ్లకు కనిపించింది నిద్రపోతున్న మనిషి, ఒక పాము. అతని కలలో కనిపించింది దేవుడి చెయ్యి. ప్రార్థిస్తున్న ఆర్కినోస్ మొక్కు చెల్లిస్తున్న మనిషి. పలక పైఅంచున రెండు కళ్లు కూడా చెక్కి ఉన్నాయి. ఒకే సంఘటన, లోపలి నుంచీ బయటి నుంచీ. ప్రాచీనుల నమ్మకం ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ పలకే.

ఏడో మెట్టు: ఒక ఇంట్లోకి వెళ్లండి

పెద్ద గుళ్లు, చక్రవర్తుల పలకలు చూశాక ఇంటి పూజ తప్పకుండా చూడాలి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై రోమన్ పట్టణం పాంపేయిని కప్పేసినప్పుడు ఇళ్లలోని పూజా స్థలాలు గోడల మీద అలాగే నిలిచిపోయాయి. వెట్టీల ఇల్లు అని పిలిచే ఇంట్లో చక్కగా నిలిచినది ఒకటి ఉంది. చాలా ఏళ్ల మరమ్మతుల తర్వాత 2023 జనవరిలో ఆ ఇల్లు పూర్తిగా తెరిచారు.

ముందు చోటు. ఇది అతిథులు వచ్చే పెద్ద హాల్లో లేదు. వంటగది పక్కన, సేవకులు, బానిసలు తిరిగే చిన్న ముంగిట ఉంది. ఈ ఇంటి యజమానులుగా చెప్పే వెట్టీ సోదరులు కూడా ఒకప్పుడు బానిసలై విడుదల పొందినవాళ్లని పండితుల అభిప్రాయం. ఈ పూజ ఇంట్లో అందరి కళ్ల ముందూ, పొయ్యికి దగ్గరగా జరిగేది.

గోడ మీద చిన్న గుడి ముఖద్వారంలా రెండు స్తంభాలు, పైన త్రికోణం. మధ్యలో నిలబడినవాడు తల మీద తోగా కప్పుకున్నాడు. చేతుల్లో పతేరా, ధూపం పెట్టె. నాలుగో మెట్టు, ఐదో మెట్టు గుర్తుచేసుకుంటే ఇతను రోమన్ పద్ధతిలో ధార పోయబోతున్నాడని తెలుస్తుంది. ఇతను ఇంటి పెద్ద తాలూకు గేనియస్, అంటే ఆ ఇంటి యజమానితో పాటు ఉండే రక్షక శక్తి. రెండు పక్కలా పొట్టి అంగీలతో నాట్యం చేస్తున్న కుర్రాళ్లు లారేస్, ఇంటిని కాచే దేవతలు. కొమ్ము పాత్రను పైకెత్తి వైన్‌ను ధారగా దింపుతున్నారు. పై త్రికోణంలో పతేరా, ఎద్దు పుర్రె, బలి కత్తి వరసగా ఉన్నాయి. అంటే ఈ చిన్న గోడ మీద పెద్ద గుడి పూజ సామగ్రి అంతా ఉంది.

కింద పెద్ద పాము పాకుతూ చిన్న పీఠం దగ్గరికి వస్తోంది. పీఠం మీద పళ్లు, గుడ్డు. ఇక్కడ తెలుగువాళ్లకు నాగుల చవితి పుట్ట, అందులో వేసే కోడిగుడ్డు గుర్తుకు రాకుండా ఉండదు. గుర్తుకు రానివ్వండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. తేడాలు చూడండి. ఈ పాముకు పడగ లేదు, తల మీద జుత్తులాంటి కిరీటం, గడ్డం ఉన్నాయి. అది పుట్టలో లేదు, వంటింటి పక్కన గోడ మీద ఉంది. మనుషులు దాని దగ్గరికి వెళ్లడం లేదు, అదే పీఠం దగ్గరికి వస్తోంది. పాంపేయి గోడల మీద ఇలాంటి పాములు చాలా ఉన్నాయి, ఆ చోటును కాపాడే శక్తికి గుర్తుగా. రెండు చోట్లా పాముకు గుడ్డు పెట్టడం నిజమే, అంతమాత్రాన ఒకటి ఇంకోదాని నుంచి వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ తొందర వల్ల మనం రెండింటినీ సరిగా చూడలేం.

ఎనిమిదో మెట్టు: నల్లగొండ నాణెం

నిజమైన సంబంధం కావాలంటే నేలలో దొరికినవాటి దగ్గరికి రావాలి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. వ్యాపారం మీద వచ్చిన ఈ రకం నాణేలు దక్షిణ భారతంలో చాలాచోట్ల బయటపడ్డాయి.

మన దగ్గర దొరికే అగస్టస్ నాణేల్లో బాగా ఎక్కువగా కనిపించే రకం ఒకటుంది. వెనక వైపు ఇద్దరు కుర్రాళ్లు డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. వాళ్లు అగస్టస్ దత్తపుత్రులు గేయస్, లూషియస్. వాళ్ల మధ్య పైన రెండు చిన్న గుర్తులు ఉంటాయి, అరిగిపోయిన నాణెం మీద గీతల్లా కనిపిస్తాయి. ఒకటి పొడుగు పిడి గరిటె, ఇంకోటి వంగిన కర్ర. గేయస్ పొంటిఫెక్స్ పూజారి, లూషియస్ ఆగర్. వాళ్ల పూజారి పదవులు ఆ రెండు వస్తువులతో చెప్పేశారు. ఐదో మెట్టు చదివినవాళ్లకు ఇప్పుడు చీటీ అక్కర్లేదు.

టైబీరియస్ నాణెం ఇంకా సూటిగా ఉంటుంది. ముందు వైపు అతని పేరుతో పాటు "దైవమైన అగస్టస్ కొడుకు" అని, వెనక కూర్చున్న స్త్రీ చుట్టూ "పొంతిఫ్ మాక్సిమ్" అని ఉంటుంది. అంటే మహా పూజారి. అగస్టస్ క్రీ.శ. 14లో చనిపోయాక రోమన్ సెనేట్ అతన్ని దేవుడిగా ప్రకటించింది. ఆ ప్రకటనే వెండి మీద అచ్చయి, ఓడల్లో మన దాకా వచ్చింది. ఇక్కడ దాన్ని తీసుకున్నవాళ్లు అందులో చూసింది బరువునూ, వెండినీ. రోమ్ నమ్మకం వాళ్లకు అక్కర్లేదు.

తొమ్మిదో మెట్టు: బొమ్మ చెప్పనివి

రోమ్‌లోని కాపిటొలైన్ మ్యూజియంలో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి తల కప్పుకుని బలి చేస్తున్న పలక ఉంది. వేణువు, ధూపం పెట్టె కుర్రాడు, గొడ్డలి సేవకుడు, ఎద్దు, అన్నీ చక్కగా ఉన్నాయి. వెనక జూపిటర్ గుడికి నాలుగు స్తంభాలు చెక్కారు. అసలు గుడికి ముందు ఆరు. శిల్పి గుడిని గుర్తుపట్టేంత చూపించాడు, కొలతలు ఇవ్వలేదు. మనుషుల సంఖ్య విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి.

రంగు కూడా పోయింది. ఈ పాలరాళ్లన్నీ ఒకప్పుడు రంగులతో ఉండేవి.

ఇంకా పెద్ద లోటు డబ్బు, మాంసం లెక్కలు. దానికి శాసనాల దగ్గరికి వెళ్లాలి. ఏథెన్స్ దగ్గరి ఎర్కియా ఊరి పూజల పంచాంగం, క్రీ.పూ. 4వ శతాబ్దానిది, రాతి మీద ఉంది. ఏ రోజు, ఏ దేవుడికి, ఎక్కడ, ఏ జంతువు, ఎంత ఖర్చు అన్నది అందులో వరసగా రాసి ఉంది. పందిపిల్లకు 3 ద్రాఖ్మాలు, అంటే గ్రీకు వెండి నాణేలు. కొన్ని చోట్ల "తీసుకెళ్లకూడదు" అన్న నియమం ఉంది, అంటే ఆ మాంసం అక్కడే తినాలి. కుండ మీద చువ్వలు పట్టుకున్న కుర్రాళ్లను చూసినప్పుడు ఈ మాట తెలిసి ఉంటే, వాళ్ల చుట్టూ ఎంతమంది కూర్చుని ఉంటారో ఊహించడం మొదలవుతుంది.

తర్వాతి సాధనకు పిత్సా పలక తీసుకోండి. కోరింత్ దగ్గర గుహలో దొరికిన చెక్క పలక, క్రీ.పూ. 540–530 నాటిది, ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది, రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి. పీఠం ఏ వైపు ఉందో, గొర్రెను ఎవరు తెస్తున్నారో, తల మీద పళ్లెం ఎవరు మోస్తున్నారో, వాయిద్యాలు ఎన్నో చీటీ చదవకుండా రాసుకోండి. దేవతల పేరు ఆ తర్వాత చూడండి.